టెన్నిస్ బెట్టింగ్ బోనస్ ఆఫర్లు: ఏది ఎంత విలువ చేస్తాదో కాగితం మీద తేల్చుకునేది ఎట్ల

ఐపీఎల్ ముగిసేలోపే టెలిగ్రాం, వాట్సాప్ గ్రూపుల్లో టెన్నిస్ పోస్టర్లు మొదలైపోతాయి. మే ఆఖర్లో ఫ్రెంచ్ ఓపెన్, జూన్ చివర్నుంచి వింబుల్డన్, ఆగస్టు ఆఖర్లో యూఎస్ ఓపెన్, ఇంగ సంక్రాంతి పోతానే ఆస్ట్రేలియన్ ఓపెన్, అంటే ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఉంటాది. "200% బోనస్", "ఫస్ట్ బెట్ పోతే డబ్బు వాపస్", "1000 ఫ్రీ బెట్" అని పెద్ద పెద్ద అక్షరాల్లో పెడతారు. మన అనంతపురానికి టెన్నిస్ కొత్తేం కాదు, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్పోర్ట్స్ విలేజ్‌లో 2010 నుంచి రఫెల్ నాదల్ ఫౌండేషన్ వాళ్ల టెన్నిస్ స్కూల్ నడుస్తాంది, ఆట బాగా తెలిసినోళ్లు ఊర్లో చానామంది ఉండారు. కానీ ఆట తెలియడం వేరు, ఆఫర్ చదవడం వేరు. టెన్నిస్ ప్లేయర్ సిన్నర్ బ్యాక్‌హ్యాండ్ గురించి గంటసేపు చెప్పగలిగినోళ్లు గూడా "రోలోవర్ 15x" అనే లైను దగ్గర స్క్రోల్ చేసేస్తారు, డబ్బంతా పోయేది ఆ లైను దగ్గరే.

లెక్కలోకి పోయే ముందు చట్టం సంగతి ఒకసారి చూసుకోండి, ఎందుకంటే ఇది చివర్లో చిన్న అక్షరాల్లో పెట్టాల్సిన విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే గేమింగ్ చట్టం సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పందేలు నిషేధించినారు, నడిపేటోళ్లకే కాదు ఆడేటోళ్లకు గూడా 6 నెలల దాకా జైలు ఉండాది. ఆపైన 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి ఆన్‌లైన్ మనీ గేమ్స్ నిషేధ చట్టం చేసింది. అందులో నడిపేటోళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా, ప్రచారం చేసేటోళ్లకు 2 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. కేంద్ర చట్టంలో ఆడినోళ్లకు శిక్ష పెట్టలేదు గదా అని గ్రూపుల్లో వాదించేటోళ్లు రాష్ట్ర చట్టం సంగతి మాట్లాడరు. ఇంకోటి, రెఫరల్ కమీషన్ కోసం ఆ పోస్టర్ మీరు నలుగురికి ఫార్వర్డ్ చేస్తే అది "నేను ఊరికే పంపినా" అనే లెక్కలోకి రాదు, ప్రచారం కిందికి వస్తాదని ఎవురైనా అనొచ్చు.

మరి ఈ లెక్క ఎవరికి అంటే, ఒకటి, బెట్టింగ్ లైసెన్స్‌తో చట్టబద్ధంగా నడిచే దేశంలో ఉండే మనోళ్లకి, లండన్‌లో, లెస్టర్‌లో చదువుకుంటా పార్ట్‌టైం చేసుకునే పిల్లోళ్లకి. రెండు, ఈడ ఉండి ఆ పోస్టర్ చూసి "బోనస్ ఫ్రీ గదా, పోయేదేముంది" అనుకునే తమ్ముళ్లకి. ఇద్దరికీ లెక్క ఒకటే, ఈడ ఉండేటోళ్లకు మాత్రం చివర్లో ఇంకో లైను చేరతాది.

ముందు కంపెనీ కమీషన్ ఎంతో కనుక్కోండి

ఏ ఆఫర్ చూసినా మొదట బోనస్ పర్సంటేజీ చూడొద్దండి, మ్యాచ్ రేట్లు చూడండి. టెన్నిస్‌లో డ్రా లేదు, ఇద్దరే, కాబట్టి లెక్క సులభం. ఇద్దరు సమానమైన ప్లేయర్లు అనుకోండి, నిజమైన రేటు ఇద్దరికీ 2.00 ఉండాల, అంటే 100 వేసి గెలిస్తే మీ 100తో కలిపి 200 రావాల. కానీ కంపెనీ ఇద్దరికీ 1.90 ఇస్తాది. కాలిక్యులేటర్ తీసుకోని 1ని 1.90తో భాగించండి, 0.526 వస్తాది, రెండు పక్కలా కూడితే 1.052. ఆ ఒకటి పైన మిగిలిందే వాళ్ల కమీషన్. మీ వైపు నుంచి చూస్తే మీరు పెట్టే ప్రతి 100కి సగటున 5 రూపాయలు వాళ్లకు పోతాయి. గెలిచిన రోజు ఇది కనపడదు, నెల పొడుగునా ఆడితే కనపడతాది.

రెండు పక్కలా 1.80 ఉంటే? అప్పుడు 100కి 10 పోతాయి. చూసేదానికి 1.90కీ 1.80కీ పెద్ద తేడా లేదనిపిస్తాది, కానీ కమీషన్ డబుల్ అయింది. గ్రాండ్‌స్లామ్ (పైన చెప్పిన నాలుగు పెద్ద టోర్నీలు) మ్యాచ్‌లకు రేట్లు కొంచెం మంచిగా ఇస్తారు, చిన్న ఐటీఎఫ్ (ఇంటర్నేషనల్ టెన్నిస్ ఫెడరేషన్) టోర్నీలకు పోయేకొద్దీ పిండుతారు. ఈ 5 అనే నంబర్ కాగితం మీద పైన రాసి పెట్టుకోండి, కింద అన్ని లెక్కల్లో ఇదే వాడతాం.

తర్వాత రోలోవర్, అది దేని మీద అనేది

రోలోవర్ అన్నా, టర్నోవర్ అన్నా, వేజరింగ్ అన్నా ఒకటే, బోనస్ విత్‌డ్రా చేసుకోవాలంటే మొత్తం ఎంత డబ్బు పందెం తిప్పాల అని. ఈడ చూడాల్సింది 10x నా 15x నా అని మాత్రమే కాదు, ఆ x బోనస్ మీదనా, లేకపోతే మీ డిపాజిట్ ప్లస్ బోనస్ మీదనా అని. ఒక్క మాటలో మొత్తం తారుమారు అయిపోతాది.

ఉదాహరణకి రెండు ఆఫర్లు పక్కపక్కన పెడదాం. ఒకటి "200% బోనస్", 5,000 వేస్తే 10,000 బోనస్, రోలోవర్ డిపాజిట్ ప్లస్ బోనస్ మీద 15x, కనీస రేటు 1.80, టైం 7 రోజులు. రెండోది "1000 బెట్ వేస్తే 1000 ఫ్రీ బెట్", ఇంగేం షరతు లేదు, గెలిస్తే లాభం మీది. పోస్టర్ చూస్తే మొదటిదే రాజా.

ఇప్పుడు లెక్క కట్టండి. 5,000 ప్లస్ 10,000, మొత్తం 15,000, దాన్ని 15తో గుణిస్తే 2,25,000. అంత డబ్బు పందెం తిప్పాల. 100కి 5 చొప్పున పోతే 11,250 కంపెనీకి. మీకు ఇచ్చిన బోనస్ ఎంత, 10,000. అంటే బోనస్ మొత్తం వాళ్లకే తిరిగిపోయి పైన మీ జేబులోంచి ఇంకో 1,250 పోతాది, అదీ సగటున. నిజానికి అంతకంటే ఘోరం, ఎందుకంటే 1,000 చొప్పున వేసినా 225 బెట్లు వేయాల, మధ్యలో ఒకసారి వరసగా ఓడిపోతే 15,000 బ్యాలెన్స్ జీరో అయి రోలోవర్ సగంలోనే కత ముగుస్తాది. ఇంగ 7 రోజులు అంటే రోజుకు 32,000 పైన తిప్పాల, వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్స్ వచ్చేసరికి సింగిల్స్‌లో రోజుకు నాలుగు మ్యాచ్‌లే ఉంటాయి, అవి చాలక అర్ధరాత్రి ఎక్కడో పేరు తెలియని ఊర్లో జరిగే ఐటీఎఫ్ మ్యాచ్‌ల మీదికి పోతారు, ఆడ 100కి 10 పోతాయి. అంటే గడువు పెట్టడంలోనే వాళ్ల తెలివి అంతా ఉండాది, మిమ్మల్ని తెలిసిన మ్యాచ్‌ల నుంచి తెలియని మ్యాచ్‌లకు తోలుతాది.

ఆ చిన్న టోర్నీల గురించి ఒక మాట. టెన్నిస్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులు ఎక్కువగా బయటపడింది ప్రైజ్‌మనీ తక్కువ ఉండే ఆ కింది స్థాయిలోనే, 2021 నుంచి దీన్ని చూసేదానికి ఇంటర్నేషనల్ టెన్నిస్ ఇంటెగ్రిటీ ఏజెన్సీ అని ప్రత్యేకంగా ఒక సంస్థే ఉండాది, ప్లేయర్లను బ్యాన్ చేసిన వార్తలు వాళ్ల నుంచి వస్తానే ఉంటాయి. అట్లాంటి మ్యాచ్ మీద మీ "అంచనా" దేనికి పనికొస్తాదో మీరే చెప్పండి.

రెండో ఆఫర్ చూద్దాం. ముందు మన 1,000 బెట్ వేయాల, దాని మీద సగటు నష్టం 50. తర్వాత వచ్చే ఫ్రీ బెట్‌లో ఒక మెలిక, గెలిస్తే లాభం మాత్రమే ఇస్తారు, ఆ 1,000 స్టేక్ వాపస్ రాదు. 1.90 రేటు మీద వేస్తే గెలిచినప్పుడు 900, గెలిచే అవకాశం సగం, కాబట్టి దాని విలువ 450. అందులో 50 తీసేస్తే 400. అంటే 1000 అని రాసిన కాగితం విలువ 400, అయినా 10,000 అని రాసిన కాగితం కంటే మేలు, ఎందుకంటే అది మైనస్‌లో ఉండాది. అదే ఫ్రీ బెట్ 4.00 రేటు ఉండే అండర్‌డాగ్ (ఓడిపోతాడని అందరూ అనుకునే ప్లేయర్) మీద వేస్తే విలువ 700 దాకా వస్తాది, కాకపోతే నాలుగింట్లో మూడుసార్లు సున్నానే. స్టేక్ వాపస్ రాని ఫ్రీ బెట్‌కి పెద్ద రేటే నయం, చిన్న రేటు మీద వేస్తే దాన్ని పారేసినట్టే, ఇది చానామందికి తెలియదు.

"ఫస్ట్ బెట్ పోతే వాపస్" అనేది గూడా ఇట్లనే విప్పండి. వాపస్ అంటే డబ్బు కాదు, ఫ్రీ బెట్. అదీ మీరు ఓడిపోతేనే. సగం అవకాశం ఇంటూ 450, అంటే 225, అందులోంచి మొదటి బెట్ నష్టం 50 తీస్తే 175. రిస్క్ లేదు అని రాసిందానికి 1,000 నిజమైన డబ్బు మీరు ముందు పెట్టాల, అది రిస్క్ కాకపోతే ఇంకేంది.

మల్టిపుల్ బెట్ బూస్ట్, అంటే నాలుగు మ్యాచ్‌లు కలిపి వేస్తే 10% ఎక్కువ ఇస్తాం అనేది. నాలుగు మ్యాచ్‌లు కలిపితే కమీషన్ గూడా నాలుగుసార్లు కోస్తారు, 100కి దగ్గర దగ్గర 18 రూపాయలకు పైనే పోతాది. 10% బూస్ట్ ఇచ్చినాక గూడా 10 పోతాది. అంతే, దీని మీద ఎక్కువ మాట్లాడే పనిలేదు.

కనీస రేటు అనే లైను

"1.80 కంటే తక్కువ రేటు బెట్లు రోలోవర్‌లోకి రావు" అని ఉంటాది. టెన్నిస్‌లో ఇది క్రికెట్‌లో కంటే ఎక్కువ దెబ్బ కొడతాది. గ్రాండ్‌స్లామ్ మగోళ్ల సింగిల్స్ ఐదు సెట్ల దాకా పోతాది, అంతసేపు ఆడితే బలమైనోడే గెలిచేది ఎక్కువ, కాబట్టి మొదటి రౌండ్లలో సీడెడ్ (ర్యాంకుల్లో పైన ఉండే) ప్లేయర్లకు 1.05, 1.10 అట్లా నడుస్తాది. అల్కరాజ్ గెలుస్తాడని మీకు తెలుసు, నాకూ తెలుసు, కంపెనీకీ తెలుసు, అందుకే ఆ బెట్ రోలోవర్‌లోకి రాదు. రోలోవర్ తిప్పాలంటే ఇద్దరూ సమానంగా ఉండే మ్యాచ్‌లే వెతకాల, అంటే మీకున్న టెన్నిస్ తెలివి ఏదైతే ఉందో అది పనికిరాని చోటికే తీసుకుపోతారు.

దాంతోపాటు లైవ్ బెట్లు (మ్యాచ్ నడుస్తా ఉండగా వేసేవి) లెక్కలోకి వస్తాయా, క్యాష్ అవుట్ (మ్యాచ్ ముగియకముందే బెట్ మూసి డబ్బు తీసుకునేది) చేస్తే ఆ బెట్ లెక్కలోకి వస్తాదా, ఒక బెట్‌కి గరిష్టం ఎంత అనేవి చూసుకోండి. ఇంకా బోనస్ డబ్బు విత్‌డ్రా అవుతాదా, లేకపోతే ఆడుకునేదానికి మాత్రమేనా అనేది. కొన్ని ఆఫర్లలో విత్‌డ్రా కొడుతానే బోనస్ మొత్తం కోసేసి మిగిలింది ఇస్తారు, "10,000 బోనస్" అనేది అసలు మీది ఎప్పుడూ కాదన్నమాట.

ప్లేయర్ మధ్యలో వెళ్లిపోతే ఏమైతాది

టెన్నిస్‌కి మాత్రమే ఉండే తలనొప్పి ఇది, ఆఫర్లు పోల్చేటోళ్లు దాదాపు ఎవురూ చూడరు. ప్లేయర్ గాయమై మధ్యలో రిటైర్ అయితే బెట్ ఏం చేస్తారనేది కంపెనీ కంపెనీకి వేరే. కొందరు ఒక్క బంతి పడినా చాలు, ముందుకు పోయినోడే విన్నర్ అంటారు. కొందరు ఒక సెట్ పూర్తి కావాల అంటారు. ఇంకొందరు మ్యాచ్ మొత్తం పూర్తి కాకపోతే బెట్ క్యాన్సిల్, డబ్బు వాపస్ అంటారు.

2025 వింబుల్డన్ నాలుగో రౌండ్ గుర్తుందా, దిమిత్రోవ్ సిన్నర్ మీద 6-3, 7-5తో రెండు సెట్లు గెలిచి మూడో సెట్లో 2-2 ఉన్నప్పుడు ఛాతీ కండరం పట్టేసి ఏడుస్తా వెళ్లిపోయినాడు. సిన్నర్ ముందుకు పోయి చివరికి టైటిలే కొట్టినాడు. ఇప్పుడు దిమిత్రోవ్ మీద వేసినోడి పరిస్థితి చూడండి. ఒక బంతి రూలు గానీ ఒక సెట్ రూలు గానీ ఉంటే డబ్బు పోయినట్టే, రెండు సెట్లు ఆధిక్యంలో ఉన్నా సరే. మ్యాచ్ పూర్తి కావాల అనే రూలు ఉంటే వాపస్. కొన్ని కంపెనీలు "మీ ప్లేయర్ రెండు సెట్లు ముందుంటే గెలిచినట్టే ఇచ్చేస్తాం" అనే ఆఫర్ పెడతాయి, అట్లా ఉండుంటే గెలుపు డబ్బు. ఒకే మ్యాచ్, ఒకే ప్లేయర్, మూడు వేరే వేరే ఫలితాలు. బోనస్ పర్సంటేజీ కంటే ఇది పెద్ద తేడా, నన్నడిగితే ఆఫర్ పేజీ కంటే ముందు ఈ రూలు పేజీ చదవాల.

ఇంగ బోనస్‌తో కలిపితే ఇంకో చిక్కు, క్యాన్సిల్ అయిన బెట్ రోలోవర్‌లోకి రాదు, గడువు మాత్రం నడుస్తానే ఉంటాది. ఫ్రీ బెట్‌తో వేసింది క్యాన్సిల్ అయితే ఆ ఫ్రీ బెట్ తిరిగి ఇస్తారా లేదా అనేది గూడా రాసి ఉంటాది, చూడండి.

బయట దేశంలో ఉండేటోళ్లకి రెండు మాటలు

యూకేలో 2026 జనవరి 19 నుంచి గ్యాంబ్లింగ్ కమిషన్ రోలోవర్‌ని 10x కంటే ఎక్కువ పెట్టకూడదని రూలు తెచ్చింది, కాబట్టి ఎవురైనా 15x, 30x చూపిస్తా "యూకే లైసెన్స్" అంటే అది అబద్ధం. లైసెన్స్ నంబర్ సైట్ కింద ఉంటాది, కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికితే కంపెనీ పేరు రావాల. క్రెడిట్ కార్డుతో బెట్టింగ్ ఆడ 2020 ఏప్రిల్ నుంచే బంద్. చెయ్యి దాటిపోతాంది అనిపిస్తే గ్యామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకుంటే లైసెన్స్ ఉండే ఆన్‌లైన్ సైట్లన్నీ మిమ్మల్ని రానీయవు. ఆస్ట్రేలియాలో అయితే కొత్త అకౌంట్ తెరిచినందుకు బోనస్ ఇవ్వడమే నిషేధం, ఆన్‌లైన్‌లో లైవ్ బెట్టింగ్ గూడా లేదు, కాబట్టి మెల్‌బోర్న్‌లో ఉండే మీ కజిన్ పేరు మీద "వెల్కమ్ బోనస్" అంటే అనుమానించండి.

ఈడ ఉండేటోళ్లకి చివరి లైను

పైన లెక్కలన్నీ ఒక నమ్మకం మీద ఉండాయి, గెలిస్తే కంపెనీ డబ్బు ఇస్తాదని. అనంతపురంలో, కడపలో, కర్నూల్లో మీ ఫోన్‌కి వచ్చే ఆఫర్‌కి ఆ నమ్మకం లేదు. కాబట్టి వచ్చిన విలువని "ఇచ్చే అవకాశం"తో గుణించాల. 400 విలువ ఉండే ఆఫర్‌కి డబ్బు ఇచ్చే అవకాశం నాలుగో వంతు అయితే విలువ 100, కానీ మీరు వేసిన 1,000 డిపాజిట్ గూడా అదే ప్రమాదంలో ఉండాది, కలిపి చూస్తే మైనస్‌లోకి పోతాది. ఆ అవకాశం ఎంతో తెలుసుకునేదానికి ఇవి చూడండి.

డిపాజిట్ ఎవరి యూపీఐకి పోతాందో చూడండి. కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వస్తే, మళ్లీ వేసేటప్పుడు ఇంకో పేరు వస్తే, అవి అద్దెకు తీసుకున్న బ్యాంకు అకౌంట్లు. మీకు విత్‌డ్రా వచ్చినా అట్లాంటి అకౌంట్ నుంచే వస్తాది, ఆ అకౌంట్ ఏదో సైబర్ మోసం కేసులో ఉంటే మీ అకౌంట్ గూడా ఫ్రీజ్ అయితాది. జీతం పడే అకౌంట్ అయినా, శెనక్కాయ విత్తనాలకు పెట్టుకున్న డబ్బు ఉండే అకౌంట్ అయినా బ్యాంకోళ్లు తేడా చూడరు, వేరే రాష్ట్రం పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాల. వింబుల్డన్ వచ్చేది సరిగ్గా విత్తనం టైంకే గదా.

"విత్‌డ్రా కావాలంటే ముందు 30% ట్యాక్స్ కట్టండి" అని మెసేజ్ వస్తే అక్కడితో ఆపేయండి. ఆన్‌లైన్ గేమింగ్ గెలుపు మీద 30% టీడీఎస్ అనేది చట్టంలో ఉండే మాటే, కానీ టీడీఎస్ అంటే ఇచ్చే డబ్బులోంచి కోసుకోని ఇచ్చేది, మీ దగ్గర ముందు వసూలు చేసేది కాదు. ముందు కట్టమన్నోడు దొంగే, ఇందులో మినహాయింపు లేదు.

సైట్ అడ్రస్ నెలకోసారి మారుతా ఉంటే, సర్వీస్ నంబర్ వాట్సాప్ మాత్రమే అయితే, లైసెన్స్ కరీబియన్ దీవిది చూపిస్తే, డబ్బు ఆపేసిన రోజు మీరు ఎవర్ని అడుగుతారో ఒకసారి ఆలోచించండి. ఈడ చట్టవిరుద్ధమైన పందెం డబ్బు ఇప్పించమని ఏ కోర్టుకీ పోలేరు. ప్రొద్దుటూరు క్రికెట్ బుకీ అయితే కనీసం మనిషి కనపడతాడు, ఈడ ఆ మనిషి గూడా లేడు.

ఇప్పటికే డబ్బు వేసేసి ఇరుక్కోని ఉంటే బోనస్ రోలోవర్ పూర్తి చేసి తీసుకుందాం అని ఇంకా వేయొద్దండి. ట్రాన్సాక్షన్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ రెఫరెన్స్ నంబర్లు, చాట్ మొత్తం డిలీట్ చేయకుండా పెట్టుకోండి, గ్రూప్‌లోంచి వాళ్లు తీసేసేలోపే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి, ఎంత తొందరగా చేస్తే అవతలి అకౌంట్‌లో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ, "పందెం ఆడినా అని తెలిస్తే నన్నే పట్టుకుంటారేమో" అనే భయం ఉంటే ముందు తెలిసిన లాయర్‌తో మాట్లాడి పోండి కానీ దాని కోసం రోజులు దాటనీయొద్దండి. మీ బ్యాంకు బ్రాంచ్‌కి గూడా రాతపూర్వకంగా ఇవ్వండి. ఇంట్లో తమ్ముడో, బావమరిదో పోయిన డబ్బు తిరిగి రాబట్టుకునేదానికే మళ్లీ మళ్లీ వేస్తాంటే, అప్పులు చేస్తాంటే, 14416 టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పూట గూడా ఎత్తుతారు. వింబుల్డన్ మ్యాచ్ ఆడ రాత్రి 11కి ఆపుతారు, మనకది తెల్లవారుజామున మూడున్నర, ఆ టైంకి గూడా ఆ లైను పనిచేస్తాది.